ముఖాన రంగు ఉన్నంతసేపు

గంగామణి రాజు వేషం కట్టి తెర దాటిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా మీసాలున్న మగవాళ్ళు సైతం కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. చిందు భాగోతంలో ఆడవాళ్ళు మగవేషాలు కట్టడం కొత్తేమీ కాదు. కానీ ఆమె గొంతు వేరు. తెర వెనక నుంచి ఒక్క రాగం తీస్తే చాలు, పసుపు బస్తాల మీద కునికిపాట్లు పడుతున్న హమాలీలు కూడా లేచి కూర్చోవలసిందే. అదంతా ఒకప్పటి మాట. కొడుకు పోయిన తర్వాత ఆమె గజ్జె కట్టలేదు. మేళం వాళ్ళు బతిమాలి బతిమాలి ఊరుకున్నారు. భాగోతం ఆడమని పిలిచేవాళ్ళు ఎలాగూ తగ్గిపోయారు కాబట్టి ఆమె మానేయడం వల్ల లోకానికి వచ్చిన నష్టమేమీ లేదు. ఆ లోకం ఫోన్లలో తల దూర్చుకుని హాయిగానే ఉంది.

కొడుకు పేరు శ్రవణ్. తండ్రి లేని పిల్లవాడు. దుబాయిలో సూపర్ మార్కెట్లో సామాన్లు సర్దే పని, ఎండ తగలదు, బరువు మోసేది లేదు అని చెప్పి పంపించింది సొంత మేనమామే. గంగామణి తమ్ముడు భూమన్న. తాను కూడా కొన్నాళ్ళు ఆ దేశంలో ఉండి వచ్చి, బస్టాండు దగ్గర ఒక ఏజెంటుకు మనుషులను చూసిపెట్టేవాడు. శ్రవణ్ వెళ్ళిన తర్వాత రోజూ ఫోన్ చేసేవాడు. ఎప్పుడు చేసినా వెనక ఒకటే మోత వినబడేది. గదేం మోతరా అంటే ఏసీ మోతే అవ్వా అనేవాడు. గంగామణి ఏసీ ముఖం ఎరగదు. కాబోలు అనుకుంది.

ఒకరోజు ఫోన్ రాలేదు. మర్నాడు కబురొచ్చింది. సముద్రంలో చమురు బావుల దగ్గరికి సామాన్లు చేరవేసే పడవ ఒకటి తుఫానుకు మునిగిందట. అందులో శ్రవణ్ ఉన్నాడట. గంగామణికి ముందు ఆ మాటలు తలకెక్కలేదు. దుకాణంలో ఉండవలసిన పిల్లవాడు సముద్రంలో ఎందుకున్నాడు? ఈత రాదు వాడికి. ఊరి చెరువులో మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు. కొందరి శవాలు దొరికాయి, వాళ్ళ వాళ్ళకు చేరాయి. శ్రవణ్ దొరకలేదు. చూసి చూసి, చివరికి అతని అంగీ ఒకటి గుంటలో పెట్టి మన్ను కప్పారు.

భూమన్న తనకేమీ తెలియదన్నాడు. ఏజెంటు తన కళ్ళలో కూడా దుమ్ము కొట్టాడని తల మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏజెంటు అప్పటికే షట్టరు దించి ఎటో మాయమయ్యాడు, అడుగుదామంటే మనిషి లేడు. తెలిసి పంపాడా, తెలియక పంపాడా? ఈ ఒక్క ప్రశ్న గంగామణిని లోపల్లోపల తినేసింది. తెలియక పంపినవాడైతే పాపం తమ్ముడు, దగ్గరికి తీసుకుని ఏడవాలి. తెలిసి పంపినవాడైతే వాడి నీడ కూడా తొక్కకూడదు. ఏదీ తేలక ఆమె మాటే మానేసింది. ఒకే వాడ, నాలుగిళ్ళ అవతల ఇల్లు. నల్లా దగ్గర ఎదురైతే బిందె నిండకపోయినా ఎత్తుకుని వెళ్ళిపోయేది. రాఖీ పండుగలు వచ్చాయి, పోయాయి. భూమన్నకు కిడ్నీలు చెడిపోయాయి. నిజామాబాద్ దవాఖానకు పోయి రక్తం కడిగించుకుని బస్సులో వేలాడుతూ తిరిగి రావడం వాడంతా చూసింది. ఆమె చూడలేదు.

అలాంటి రోజుల్లో డిచ్‌పల్లి యూనివర్సిటీ నుంచి సుకుమార్ సారు వచ్చాడు. పిల్లలకు నాటకాలు నేర్పే మనిషి. మంచివాడే, కాకపోతే ఏది చూసినా సంబరపడిపోయే జబ్బు ఒకటుంది. ఇంగ్లీషువాళ్ళ పాత నాటకం ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని ఆ దేశాల్లో ఒపెరా కట్టి మొత్తం పాటలతోనే ఆడతారట. మామూలుగా మాట్లాడుకోవడం ఉండదట, మంచినీళ్ళు అడిగినా పాడే అడుగుతారట. ఫోన్‌లో చూపించాడు. మేళంలో హార్మోనియం వాయించే గంగాదాస్ కళ్ళజోడు పైకెత్తి కాసేపు చూసి, గిది మన భాగోతమే గదా సారూ, పాపం వీళ్ళకు మద్దెల లేదు గంతే, అన్నాడు. సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. తాను అంటున్నదీ అదేనట. దాన్ని చిందు భాగోతంగా కట్టాలి, ఆర్మూరు మార్కెట్ యార్డులో ఆడాలి.

వాడలో అరుగు మీద కూర్చుని కథ చెప్పాడు. ఒక రాజు మంత్రాల పుస్తకాల్లో మునిగిపోయి రాజ్యాన్ని తమ్ముడి చేతిలో పెడతాడు. ఆ తమ్ముడు ద్రోహం తలపెట్టి, అన్ననూ అన్న పసిబిడ్డనూ పగిలిన పడవలో ఎక్కించి సముద్రం మీదికి నెట్టేస్తాడు. ఎలాగో బతికి ఇద్దరూ ఒక దీవికి చేరతారు. ఏళ్ళు గడిచాక తమ్ముడు ఎక్కిన ఓడ ఆ దారిన వస్తుంది. రాజు మంత్రం వేసి తుఫాను లేపుతాడు.

గంగామణి గుమ్మానికి ఆనుకుని వింటోంది. పడవ అన్నప్పుడే ముఖం మాడిపోయింది. తుఫాను అనగానే లోపలికి తిరిగింది. సారు తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. ఓడ మునిగినట్టు కనబడుతుంది కానీ, అదంతా రాజు మాయ. అందులో ఉన్నవాళ్ళెవరికీ ఏమీ కాదు. కట్టిన బట్ట కూడా తడవదు. అందరూ ఒడ్డుకు చేరతారు.

ఆమె ఆగిపోయింది.

"ఒక్కలు గూడ సావరా సారూ?"

"ఒక్కరు కూడా చావరమ్మా. చివరికి రాజు తమ్ముణ్ణి క్షమించేస్తాడు."

క్షమించడం గురించి ఆమె విన్నదో లేదో తెలియదు. అంతకు ముందన్న మాట దగ్గరే ఉండిపోయింది. ఆ రాజు వేషం తాను కడతానంది. మేళం వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎందుకు ఒప్పుకుందని తర్వాత వాడలో రకరకాలుగా చెప్పుకున్నారు గానీ అసలు సంగతి చాలా చిన్నది. తుఫానులో పడ్డ పడవలోంచి అందరూ బతికి ఒడ్డుకొచ్చారన్న మాట ఒక్కసారి తన నోటితో, నలుగురి ముందు, గొంతెత్తి పాడాలనిపించింది. అబద్ధమైతే అబద్ధమే. కడుపుకోత ఉన్నవాళ్ళకు ఆ మాట ఎంత రుచిగా ఉంటుందో వాళ్ళకే తెలుసు.

చిక్కల్లా తమ్ముడి వేషం దగ్గర వచ్చింది. కుర్రవాళ్ళందరూ ఏదో ఒక పనికి పోయారు. గంగామణికి ఎదురు నిలబడి పాడగలిగిన గొంతు భూమన్నది తప్ప ఇంకొకటి లేదు. సారుకు వాళ్ళ సంగతి తెలియదు, గొంతు విని భూమన్ననే ఖాయం చేశాడు. రాజు బిడ్డ వేషానికి భూమన్న కూతురు నందినిని తీసుకున్నాడు. ఆ మాట చెప్పగానే అరుగు మీదివాళ్ళందరూ ఆమె వైపు చూశారు. గంగామణి మాత్రం తల వంచుకుని కాలివేళ్ళు చూసుకుంటూ చెప్పింది.

"రంగు ఏసుకున్నంక పాడుత. అప్పటిదాక నా ముంగటికి రావొద్దు."

సారు బిక్కమొహం వేశాడు. ఆయనను పక్కకు తీసుకుపోయి గంగాదాస్ మేళం కట్టుబాటు చెప్పాడు. ముఖాన అర్దళం పడిందంటే, అంటే రాతి మీద నూరిన ఆ పసుపు రంగు పడిందంటే, మనిషి మనిషి కాదు, వేషమే. ఒకే ఇంటివాళ్ళు కట్టే వేషాలు ఇవి. కోడలు రాక్షసుడై అత్తను జుట్టు పట్టి ఈడుస్తుంది, కొడుకు తండ్రిని నానా తిట్లూ తిడతాడు. తెల్లారి అందరూ ఒకే కుండలో అన్నం తినాలి. అందుకని రంగులో ఉండగా ఏం అన్నా, ఏం చేసినా, రంగు కడుక్కున్న తర్వాత దాన్ని ఎత్తకూడదు. ఎత్తినవాడికి మళ్ళీ వేషం ఉండదు. గంగామణి తండ్రి మేళం నడిపిన కాలంలో ఒకడు రంగులో తిన్న దెబ్బను మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొట్టాడట. ఆయన వాడి గజ్జెలు విప్పించి పంపేశాడు, ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ మేళంలో లేరు. కాబట్టి రంగులో గంగామణి తమ్ముడితో ఎంతైనా పాడుతుంది. అది పలకరించడం కిందికి రాదు.

ఆ ప్రకారమే నేర్చుకోవడం మొదలైంది. పగలు గంగామణి పాడితే తమ్ముడి పాట నందిని అందుకునేది. పొద్దుగూకాక భూమన్న వచ్చి పాడితే రాజు పాట గంగాదాస్ అందుకునేవాడు. సారు ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి చిక్కిపోయాడు. సముద్రం ఎలా చూపించాలన్నది ఇంకో తంటా. మేళంలో సముద్రం చూసిన మనిషి భూమన్న ఒక్కడే, అతన్ని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి నీలం చీరలు రెండు ముడివేసి ఊపుదామన్నారు. ఆఖరి ఘట్టంలో రాజు తమ్ముడి ద్రోహం ఎత్తి చెప్పి, అయినా నీ తప్పు కాసితిరా తమ్ముడా అని పాడతాడు. తమ్ముడు తల వంచుకుని నిలబడాలి. అతనికి పాట లేదు. ఇంగ్లీషు నాటకంలో కూడా తమ్ముడు అక్కడ నోరు విప్పడట. ఎందుకు విప్పడని భూమన్న సారును ఒకటికి రెండుసార్లు అడిగాడట. ఏమో, సిగ్గో పొగరో తేల్చకుండా వదిలేశారు అన్నాడట సారు.

పసుపు సీజను ఊపు మీదున్న రోజులు. ఆదివారం మార్కెట్ యార్డుకు సెలవు కాబట్టి ఒక షెడ్డు ఖాళీ చేసి ఇచ్చారు. ఎంత ఊడ్చినా పసుపు దుమ్ము పోలేదు. కూర్చున్నవాళ్ళ పంచెలు, చీరలు, చెప్పులు అన్నీ పచ్చబడ్డాయి. బాల్కొండ నుంచి కూడా జనం వచ్చారు. యూనివర్సిటీ పిల్లలు ముందు వరుసలో ఫోన్లు పైకెత్తి కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకు మద్దెల మోగింది.

గంగామణి తెర వెనక నుంచి రాగం తీసింది. ఇన్నేళ్ళు మూసిన గొంతు ఎక్కడ పెగలదో అని మేళం వాళ్ళు ఊపిరి బిగపట్టారు. పెగిలింది. ఇంకా చెప్పాలంటే మునుపటికన్నా లోతుగా వచ్చింది. కిరీటం, భుజకీర్తులు, చేతిలో మంత్రదండం. తుఫానును పిలిచే దరువు ఎత్తుకుంటే నీలం చీరలు ఊపేవాళ్ళకే ఒళ్ళు జలదరించింది. గాలిని పిలిచింది, అలలను పిలిచింది, ఓడ నడుము విరిచింది. పిలుస్తున్నంతసేపూ ఆమెకు కనబడింది ఒక్కటే, చీకటి నీళ్ళలో ఈత రాని పిల్లవాడు. తన నోటితో తానే ఆ గాలిని లేపుతున్నట్టుగా ఉంది. ఆపుదామంటే మద్దెల ఆపనివ్వదు. అప్పుడు నందిని రాజు కాళ్ళు పట్టుకుని, ఓడలోని వాళ్ళు ఏమైపోయారు తండ్రీ అని పాడింది. గంగామణి వంగి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. ఒక్కరికీ ఏమీ కాలేదు బిడ్డా, అందరూ ఒడ్డుకొచ్చారు, కట్టిన బట్ట తడవలేదు, తల వెంట్రుక రాలలేదు అని పాడింది. సారు రాసిచ్చింది రెండు చరణాలు. ఆమె ఆ రెండింటినే మళ్ళీ మళ్ళీ పాడింది. వంత పాడేవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆమె మాత్రం కంట తడి పెట్టలేదు. రాజు కదా.

కథ నడిచింది. ఆఖరి ఘట్టం వచ్చింది. తమ్ముడు రాజు ఎదుట నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ళకు అక్కాతమ్ముళ్ళిద్దరూ ముఖాముఖి అయ్యారు, కాకపోతే ఇద్దరి ముఖాలకూ అర్దళం, కాటుక, ఎర్ర బొట్లు. నీరు పట్టి ఉబ్బిన భూమన్న కాళ్ళకు గజ్జెలు బిగుసుకుపోయి ఉన్నాయి. నమ్మి రాజ్యమిస్తే పగిలిన పడవలో నూకినవు కదరా, పసిబిడ్డ ఏం పాపం చేసెరా అని గంగామణి పాడింది. అతడు తల వంచుకున్నాడు. ఇక క్షమించే చరణం ఎత్తుకోవాలి. ఎత్తుకోబోతుండగా భూమన్న తలెత్తి తానే గొంతు విప్పాడు. అదే రాగం, అదే దరువు.

"ఎరుకలేదంటి నేను, ఎరుకుండెనన్నా
పడవ పనియని నాకు ఎరుకుండెనన్నా
దుకాణమని నమ్మబలికి తోలితినన్నా
పిలగాని చేయిబట్టి తోలితినన్నా"

జనానికి ఏమీ తేడా తెలియలేదు. దీవిలో దుకాణం ఎక్కడిదని కూడా ఎవరికీ తట్టలేదు. సారు మాత్రం కంగారుగా తన కాగితాలు తిప్పుకున్నాడు. గంగాదాస్ వేళ్ళు హార్మోనియం మీద బిగుసుకుపోయి, ఒకే స్వరం సాగి సాగి మోగింది. గంగామణి దండం పైకెత్తింది. అదీ ఆటే అనుకున్నారు జనం. తల మీద వేస్తే ఆ మనిషి అక్కడే పోయేవాడు. ఇన్నేళ్ళూ తినేసిన ప్రశ్నకు జవాబు వచ్చింది, వచ్చింది కానీ రంగులో వచ్చింది. రేపు దీన్ని పట్టుకుని అడగడానికి లేదు, తిట్టడానికి లేదు, వాడలో నలుగురినీ పిలిచి చెప్పడానికి లేదు. చెప్పనూ చెప్పాడు, తప్పించుకోనూ తప్పించుకున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మొదలుపెట్టిన భాగోతం మంగళం పాడకుండా వదలకూడదు. మంగళం పాడాలంటే రాజు క్షమించాలి. ఆ ఘడియలో గంగామణి తండ్రిని తలుచుకుందో, మేళాన్ని తలుచుకుందో, ఎత్తిన దండాన్ని దించి మోకాలికేసి విరిచింది. కాసితిరా తమ్ముడా, నీ తప్పు కాసితి అని పాడింది. గొంతు ఎక్కడా తొణకలేదు. ఆ మాట అన్నది దీవి రాజు. గంగామణి ఆ చుట్టుపక్కల లేదు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

ఆట అయ్యాక బస్తాల చాటున అందరూ కొబ్బరినూనె రాసుకుని రంగు కడుక్కున్నారు. భూమన్న కడుక్కోలేదు. ముఖానికి తువ్వాల చుట్టుకుని ఆటో ఎక్కి ఇంటికి పోయాడు. నీరసం వచ్చి ఉంటుంది, ఇంటి దగ్గర కడుక్కుంటాడులే అనుకున్నారు.

కడుక్కోలేదు. మర్నాడూ కడుక్కోలేదు. దవాఖానకు ఆ ముఖంతోనే పోతే నర్సులు నవ్వారట, తుడవబోతే చెయ్యి విసిరికొట్టాడట. పడుకున్నా దిండుకు రంగు అంటకుండా వెల్లకిలా పడుకుంటున్నాడట. అర్దళం అంటే నూరిన విషపు రాయి, పూటకన్నా ఎక్కువ ఉంటే చర్మాన్ని తింటుంది. దద్దుర్లు లేచి రసి కారడం మొదలైంది. పైగా జబ్బు ముదిరింది. ఇక దవాఖాన చుట్టూ తిప్పి లాభం లేదని డాక్టర్లు చెప్పేశారు. నందిని వచ్చి, నాయిన ముఖం కడుక్కుంటలేడత్తా, నువ్వు జర చెప్పు అని ఏడ్చింది. గంగామణి ఆ పిల్లకు అన్నం పెట్టింది గానీ కదల్లేదు. ఎందుకు కడుక్కోవడం లేదో ఆమెకు తెలుసు. రంగు ఉన్నంతవరకే ఆ మన్నింపు. కడిగితే పోతుంది. దాన్ని ముఖాన పెట్టుకుని చచ్చిపోదామని చూస్తున్నాడు, మహా తెలివైనవాడు. కోపంతో ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ ముఖం మీద ఈగలు వాలుతున్నాయని ఎవరో అంటే మాత్రం లేచి గడపదాకా పోయి వెనక్కి వచ్చింది. తల్లి పనికి పోతే ఆ ముఖానికి ముక్కు తుడిచి, ముద్దలు పెట్టి పెంచింది తానే.

చివరికి భూమన్న భార్య రత్నవ్వ వచ్చింది. గడపలో కూలబడింది. "వదినె, పాణం పోతలేదు. నీ పేరే కలవరిస్తుండు," అంది. గంగామణి చెప్పులు వేసుకుని ఆమె వెంట నడిచింది.

మిట్టమధ్యాహ్నం. రేకుల ఇంట్లో గాలి లేదు. మంచం మీద భూమన్న, ఒళ్ళంతా ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా లేచిన పసుపు రంగు మధ్య రెండు కళ్ళతో చూస్తున్నాడు. రత్నవ్వను బయట ఉండమని గంగామణి తలుపు దగ్గరగా వేసింది.

"అన్నా," అన్నాడు అతడు.

అది రాజును పిలిచే పిలుపు. ఆమె పలకలేదు. కాసేపటికి, "అక్కా," అన్నాడు. ఆమె మంచం పక్కన కూర్చుంది.

"వానికి ఎప్పుడు తెలిసింది, పడవ అని?"

అతడు మెల్లగా చెప్పుకొచ్చాడు. అక్కడ దిగిన రోజే తెలిసింది. రేవుకు తోలుకుపోతుంటే శ్రవణ్ ఫోన్ చేశాడు. మామా, నీళ్ళ మీద పనంట, నాకు ఈత రాదు, నేను వాపస్ వస్త అన్నాడు. మీ అవ్వకు చెప్పకు, భయపడతది, ఒక్క ఏడాది ఓపిక పట్టు అన్నాడు మేనమామ. పిల్లవాడు మేనమామ మాట విన్నాడు. ఎందుకు పంపినవురా అంటే భూమన్న కళ్ళు మూసుకున్నాడు. పడవ అని తెలిసి వేరేవాళ్ళందరూ వెనక్కి తగ్గారు. ఏజెంటు నలుగురిలో, నీతో ఏమైతది భూమన్నా, ఒక్క మనిషిని గూడ తేలేవు అని నవ్వాడు. మా అక్క కొడుకున్నడు, నేను చెప్తే కాదనడు అని తాను రొమ్ము విరుచుకుని చెప్పాడట. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు. ఉన్నా బాగుండేది అనిపించింది గంగామణికి. ఇంత చిన్న గొప్ప కోసమా నా కొడుకు ప్రాణం పోయింది అనుకుంది.

"రంగుల కాసితినన్నవు. గది పోకుంట వెట్టుకున్న," అన్నాడు భూమన్న. "ఉత్త ముఖం మీద ఒక్కసారి అను అక్కా. అప్పుడు కడుక్కుంట."

గంగామణి లేచి తలుపు తీసి, కొబ్బరినూనె, గిన్నెలో నీళ్ళు, మెత్తని గుడ్డ తెమ్మంది. రత్నవ్వ ముఖం వెలిగిపోయింది. ఉరుకులు పరుగుల మీద తెచ్చి ఇచ్చి, తలుపు దగ్గరే చేతులు జోడించుకుని నిలబడింది.

గంగామణి నూనె చేతిలో పోసుకుని తమ్ముడి నుదుటి నుంచి మొదలుపెట్టింది. ఎండిన రంగు నానేదాకా ఓపికగా రాసింది. గుడ్డ ముంచి పిండి, నుదురు తుడిచింది, కనురెప్పలు తుడిచింది. కింద చర్మం పచ్చిపుండులా ఉంది, నొప్పి తెలియకుండా అద్దింది. కొడుకు ముఖాన్ని ఇలా కడిగే అదృష్టం కూడా తనకు దక్కలేదు, అంగీకి ఏం ముఖం ఉంటుంది. సగం ముఖాన రంగు పోయేసరికి భూమన్నకు అర్థమైంది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అనకుంట కడుగకు అక్కా."

ఆ చేతిలో బలం లేదు. ఆమె దాన్ని విడిపించి పక్కన పెట్టి, రెండో చెంప తుడిచింది, గడ్డం తుడిచింది, చెవుల వెనక కూడా తుడిచింది. గిన్నెలో నీళ్ళు చిక్కబడ్డాయి. రంగు మొత్తం పోయి ఉత్త ముఖం బయటపడింది. ముసలితనం రాకముందే ముసలివాడైపోయిన తమ్ముడు. అతడు ఆ ముఖంతో ఎదురుచూస్తున్నాడు. గంగామణి నోరు తెరిచింది. అనాలనే తెరిచింది, ఆ సంగతి అబద్ధం కాదు. చచ్చేవాడికి ఒక్క మాట, అనేస్తే పోయేది. వెయ్యి మంది ముందు తొణక్కుండా పాడిన మాట. లోపల ఎంత వెతికినా అది లేదు. వాపస్ వస్త మామా అన్న గొంతు ఒక్కటే ఉంది. ఆమె నోరు మూసుకుంది. భూమన్న అటు తిరిగి గోడ వైపు చూశాడు.

గిన్నె పట్టుకుని బయటికొస్తుంటే రత్నవ్వ వంగి కాళ్ళు మొక్కింది. నీ మనసు గొప్పది వదినె అంది. వాకిట్లో చేరిన ఆడవాళ్ళు కూడా కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. ఎంతైనా తోడబుట్టినది, తన చేతులతో ముఖం కడిగింది అనుకున్నారు. గంగామణి అవుననలేదు, కాదనలేదు. మోరీలో నీళ్ళు పారబోసింది.

లోపల రత్నవ్వ మొగుణ్ణి అడగడం రేకుల గోడ అవతలికి వినబడింది. అక్క నీ తప్పు కాసిందా, ఇంక నిమ్మలంగున్నవా అని. తర్వాత భూమన్న గొంతు వచ్చింది.

"కాసింది."

గంగామణి కాళ్ళు ఆగిపోయాయి. ఉత్త ముఖంతో అన్న మాట అది. మేళం కట్టుబాటు ప్రకారం నిలబడే మాట. వాడంతా రేపటి నుంచి దాన్నే చెప్పుకుంటుంది, ఆమెను చూసి చేతులెత్తి మొక్కుతుంది. లోపలికి పోయి కాదు అని చెబుదామనుకుంది. చచ్చిపోతున్న మనిషి, తనను మంచిదాన్ని చేయడానికి ఆడిన అబద్ధం. కొడుకు కూడా తనకోసమే పడవ మోతను ఏసీ మోత అన్నాడు. కాదనడానికి నోరు రాలేదు. ఖాళీ గిన్నె పట్టుకుని వాకిట్లోనే కూర్చుండిపోయింది, ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి ఓదారుస్తూనే ఉన్నారు.